నీళ్ళు పోసి చంపి, సుకుమారి అంటామా?

"ఆర్కిడ్ మన ఇళ్ళలో బతకదండీ" అన్న మాట ఈమధ్య వేదవాక్కులా చెలామణీ అవుతోంది. గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ బహుమతిగా వచ్చే మొక్కల్లో తులసి, మనీప్లాంట్ల సరసన ఇప్పుడు ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కూడా చేరింది. వంగిన కాడకు వరసగా పూసిన పెద్ద పెద్ద తెల్లపూలో ఊదాపూలో, రెండు మూడు నెలలు హాల్లో దర్జాగా ఉంటాయి. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. పూలు రాలాక కుండీ బాల్కనీ మూలకు చేరుతుంది. అక్కణ్ణుంచి చెత్తబండికి. ఎందుకు పారేశారని అడిగితే మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. అది సుకుమారం, మనలాంటివాళ్ళ చేతికి లొంగదు. మన ఎండలకు అసలే ఆగదు. పూలయిపోయాక ఇంకేముంది, ఇంకొకటి కొనుక్కోవడమే నయం.

ఈ మూడు మాటలూ తప్పే. మన ఇళ్ళలో ఆర్కిడ్లు చస్తున్నాయన్నది నిజం. కానీ కరువుకు తట్టుకోలేక చస్తున్నవి బహు తక్కువ. ఎక్కువ భాగం మన సేవకు తట్టుకోలేక చస్తున్నాయి. చావుబతుకుల్లో ఉన్నదాన్ని కూడా చాలాసార్లు నిలబెట్టవచ్చు. అందుకు గాజు ఇల్లూ అక్కర్లేదు, వృక్షశాస్త్రంలో పట్టాలూ అక్కర్లేదు. చెయ్యి అదుపులో పెట్టుకోగలిగితే చాలు.

మా అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండే ఒకావిడ ఓ వానాకాలంలో తన ఆర్కిడ్ కుండీ పట్టుకుని వచ్చారు. ఆకులు మెత్తబడి, నిలువునా ముడతలు పడి వేలాడుతున్నాయి. "రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నానండీ, ఒక్కరోజు కూడా మానలేదు" అన్నారు. తన శ్రద్ధలో లోపం లేదని చెప్పడం ఆవిడ ఉద్దేశం. రోగం పేరు కూడా ఆ మాటలోనే ఉంది.

పైనున్నది చిల్లులేని పింగాణీ కుండీ. లోపలి ప్లాస్టిక్ కుండీని పైకి లాగితే అడుగున రెండు వేళ్ళ లోతున నీళ్ళు నిలిచి ఉన్నాయి. మురుగు వాసన గుప్పుమంది. ప్లాస్టిక్ కుండీ నిండా నల్లబడి ముద్దయిన కోకోపీట్. దాన్ని విదిలిస్తే నడిమధ్యలో నిమ్మకాయంత నాచు ఉండ బయటపడింది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు నర్సరీలో దాని మొదట్లో పెట్టింది, తర్వాత ఎవరూ తియ్యలేదు. పిండితే ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే వేలితో నొక్కి చూశాను. గోధుమరంగుకు తిరిగిన వేరు నొక్కగానే అణిగిపోయింది. పైపొర తొడుగులా జారి చేతిలోకి వచ్చింది, లోపల దారప్పోగు మాత్రం మిగిలింది. అంచు దాటి గాల్లోకి వంగిన రెండు వేళ్ళు మాత్రం వెండిరంగులో గట్టిగా ఉన్నాయి. కుండీ లోపల శ్రద్ధ అందిన వేళ్ళన్నీ పోయాయి. బయట శ్రద్ధ అందని రెండే మిగిలాయి.

మరి నీళ్ళలో నిలబడ్డ మొక్కకు ఆకులెందుకు వడిలాయి? వేళ్ళు కుళ్ళాక నీరు పైకి ఎక్కే దారే ఉండదు. చుట్టూ నీరున్నా ఆకుకు చుక్క అందదు. వడిలిన ఆకును చూసి ఇంటివాళ్ళు దాహమనుకుంటారు. అనుకున్నది తప్పు కాదు, అది దాహమే. కానీ ఆ దాహం నీళ్ళు లేక వచ్చింది కాదు, నీళ్ళు ఎక్కువై వేళ్ళు పోయినందువల్ల వచ్చింది. దానికి మందుగా మరో గ్లాసు పోస్తారు. మిగిలిన నాలుగు వేళ్ళూ కుళ్ళుతాయి. ఆకు ఇంకా వడులుతుంది, ఇంకా పోస్తారు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదే. ఈ వలయం చివర మొక్క చచ్చిపోతే మనం ఇచ్చే తీర్పు ఏమిటి? 'సుకుమారి.' ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఫెలనాప్సిస్ అసలు ఎలా బతికే మొక్కో తెలిస్తే ఈ తీర్పు ఎంత అన్యాయమో తెలుస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి ఇండోనేసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తరపు కొస దాకా ఉన్న అడవుల్లో చెట్ల కొమ్మలకు అతుక్కుని పెరిగే జాతి నుంచి మన నర్సరీ సంకరాలు చాలావరకు వచ్చాయి. ఇండోనేసియా జాతీయ పుష్పాల్లో అదొకటి. చెట్టు రసం అది పీల్చదు, పట్టుకుని వేలాడటానికే చెట్టు. దాని వేళ్ళు మట్టి ఎరగవు. వాన పడితే తడుస్తాయి, కొద్ది గంటల్లో గాలికి ఆరతాయి. మళ్ళీ వాన పడేదాకా ఉపవాసమే. ఆ బతుకుకు తగ్గట్టే వేరు చుట్టూ వెలమెన్ అనే మెత్తటి తెల్లపొర ఉంటుంది. చచ్చిన కణాల పొర అది. చినుకు పడగానే పీల్చుకుని లోపలి వేరుకు అందిస్తుంది. ఎండిన వేరు మీద కాసిని నీళ్ళు చల్లి చూడండి, వెండిరంగు పోయి చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. తడిసిన పొరలోంచి లోపలి పత్రహరితం కనిపించడమే ఆ రంగు. అంటే ఈ మొక్క వేళ్ళు కూడా వెలుతురు తీసుకుని కొంత ఆహారం తయారు చేసుకుంటాయి. అలాంటి వేరును తడిముద్దలో పూడ్చిపెడితే గాలీ పోతుంది, వెలుతురూ పోతుంది.

ఆకు కథ ఇంకా చిత్రం. మామూలు మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరుస్తాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది, దాంతోపాటే నీరు ఆవిరై బయటికి పోతుంది. ఫెలనాప్సిస్ పగలు తలుపులు బిగించుకుంటుంది. చల్లబడ్డాక రాత్రిపూట తెరిచి, లోపలికి తీసుకున్నదాన్ని మాలిక్ ఆమ్లంగా నిల్వ చేసుకుని, తెల్లారి వెలుతురు వచ్చాక వాడుకుంటుంది. నీటి పొదుపులో ఇది అందెవేసిన చెయ్యి. కలబంద చేసేదీ ఇదే, అనాస చేసేదీ ఇదే, పొలం గట్టు మీది నాగజెముడు చేసేదీ ఇదే. నాగజెముడును సుకుమారి అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అదే విద్యతో బతికే ఆర్కిడ్‌కు మాత్రం ఆ పేరు ఎందుకొచ్చింది? పువ్వు నాజూగ్గా ఉందని మొక్క కూడా నాజూకనుకున్నాం.

ఈ అపోహ మనతో మొదలవలేదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో దొరలకు ఆర్కిడ్ల పిచ్చి పట్టింది. ఓడల్లో తెప్పించి, గాజు ఇళ్ళు కట్టి, లోపల పొయ్యిలు రాజేసి, తలుపులు బిగించి ఆవిరి పట్టించారు. ఉష్ణమండలం అంటే ఉక్కపోసే చిత్తడి తప్ప మరొకటి కాదని వాళ్ళ లెక్క. కొండగాలిలో పెరిగినదీ, సముద్రతీరాన పెరిగినదీ ఒకే గదిలో ఉడికాయి, గుంపులు గుంపులుగా చచ్చాయి. 1830ల్లో చాట్స్‌వర్త్ తోటల పెద్ద జోసెఫ్ పాక్స్టన్ వేడి తగ్గించి, గాలి ఆడనిచ్చి, ఏ వాతావరణపు మొక్కను ఆ వాతావరణంలో ఉంచడం మొదలుపెట్టాక అవే మొక్కలు బతికి పూశాయి. మొక్కలో మార్పేమీ రాలేదు, మారింది పెంచేవాడి బుద్ధి. చంపిన ఆ రోజుల్లో అంటగట్టిన పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

దానికి ధర కూడా తోడయింది. ఆర్కిడ్ విత్తనం ధూళి కన్నా కాస్త నయం. ఒక్క కాయలో లక్షలు ఉంటాయి, కానీ మొలకెత్తడానికి సొంత ఆహారం ఉండదు. అడవిలో తగిన శిలీంధ్రం దొరికితేనే మొలక. అందుకే తోటల్లో విత్తనంతో పెంచడం చాలాకాలం అదృష్టం మీదే ఆధారపడింది. ఎక్కువ భాగం అడవుల్లోంచి పీకి తెచ్చారు. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ అంతటివాడు 1850లో ఖాసీ కొండల్లో నీలి వాండా ఆర్కిడ్‌ను ఏడుగురు కూలీలు మోసేంత సేకరించి ఇంగ్లండుకు పంపితే, ప్రాణంతో చేరినవి కొన్నే. అలా దొరికిన మొక్క బంగారం ధర పలకదా మరి! 1922లో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన జెల్లీ మీద విత్తనాలు మొలకెత్తించే పద్ధతి చూపించాడు. 1960లో ఫ్రాన్సులో జార్జ్ మొరెల్ మొవ్వ కణజాలం నుంచి ఒకే మొక్కకు వేల నకళ్ళు తీసే దారి చూపించాడు. ఇవాళ తైవాన్, నెదర్లాండ్స్ షెడ్లలో ఫెలనాప్సిస్ కోట్లలో తయారవుతోంది. ధర దిగింది, భయం దిగలేదు.

ఆ భయం పోగొట్టాల్సిన అవసరం అమ్మేవాళ్ళకు లేదు. వాళ్ళను తప్పుపట్టడం లేదు. తడి పట్టే నాచులోనో కోకోపీట్‌లోనో పెట్టి అమ్మడానికి కారణం ఉంది. తేలిగ్గా ఉంటుంది, దారిలో ఎండిపోదు. కానీ ప్రయాణానికి కట్టిన మూటలోనే మొక్కను ఏళ్ళ తరబడి కాపురం పెట్టిస్తున్నది మనం.

రెండో మాటకు వద్దాం: మన ఎండలు. ఈ మాట అనేవాళ్ళు మన కనుమల్లోకి ఒకసారి తొంగిచూడాలి. మన దేశంలో 1,200కు పైగా ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో వాండా టెస్సెలాటా మన తూర్పు కనుమల్లోనూ, మైదానంలో మామిడి కొమ్మల మీదా పెరుగుతుంది. ఆకుపచ్చా పసుపూ కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్ళు, నీలం ఛాయ ఉన్న పెదవి, మంచి వాసన. ఎండలు ముదిరినప్పుడూ పూస్తుంది. దానికి ఎవరూ నీళ్ళు పొయ్యరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉన్న వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన గ్రంథంలో 1795లోనే దీన్ని బొమ్మతో సహా ప్రకటించాడు. బిహూ ఆడే అస్సామీ ఆడపిల్లలు కొప్పులో తురుముకునే నక్కతోక ఆర్కిడ్ కూడా మన విశాఖ ఏజెన్సీ అడవుల్లో ఉంది. ఆర్కిడ్‌కు తెలుగునేల కొత్తా కాదు, ఈ ఎండ వింతా కాదు.

అడవి వాండా తట్టుకుంటే, దుకాణంలో కొన్న సంకర ఫెలనాప్సిస్ తట్టుకోవాలని ఎక్కడుంది అంటారా? సరైన ప్రశ్నే. ఫెలనాప్సిస్ పూర్వీకులు వెచ్చటి తేమ ప్రాంతాల వాళ్ళు. పగలు ముప్పై డిగ్రీలు, రాత్రి ఇరవై పైచిలుకు వాటికి హాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నాలకు ఆ వాతావరణం ఏడాదిలో చాలాభాగం ఊరికే దొరుకుతుంది. హైదరాబాదు, వరంగల్, కర్నూలు లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలలు కష్టకాలమే, కాదనను. నలభై దాటిన వడగాలికి, పడమటి గోడ వేడికి అది నిలవదు. కానీ దానికి విరుగుడు ఏసీ గది కాదు. తూర్పు కిటికీ దగ్గరో, పొద్దుటి లేత ఎండ తప్ప సూటి ఎండ పడని చోటో పెట్టి, పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి నీళ్ళు పోసి, నీటికి తగలకుండా రాళ్ళ మీద కుండీ నిలిపితే ఆ రెండు నెలలూ గడుస్తాయి. చుట్టూ గాలి ఆడాలి. ఏసీ గాలి సూటిగా తగిలితే మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి.

పైగా మన చలికాలం దానికి వరం. ఫెలనాప్సిస్ కొత్త పూకాడ వెయ్యాలంటే కొన్ని వారాలపాటు వేడి ఇరవై ఐదు డిగ్రీలకు లోపు ఉండాలి. అందుకోసం వాణిజ్య షెడ్లలో కరెంటు ఖర్చుపెట్టి మరీ చల్లబరుస్తారు. హైదరాబాదులో కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఉండే చలి ఆ పనికి ఊరికే సాయపడుతుంది. ఎండ నెపం చెప్పేవాళ్ళు ఈ చలి సంగతి ఎత్తరు.

చావుబతుకుల్లో ఉన్నదాన్ని నిలబెట్టే పద్ధతిలోనూ ఇదే తప్పుడు నమ్మకం వేషం మార్చుకుని వస్తుంది. 'సుకుమారం' అనుకున్నాక దానికి టానిక్కులు పట్టించాలనిపించడం సహజం. బియ్యం కడిగిన నీళ్ళు, వెల్లుల్లి నానేసిన నీళ్ళు, అరటితొక్క కషాయం, తేనె, పసుపు, ఆఖరికి విటమిన్ మాత్రలు. ఫోను తెరిస్తే ఈ వైద్యాలు చెప్పేవాళ్ళు కోకొల్లలు. పుండొకచోట, మందొకచోట. వేళ్ళు ఊపిరాడక కుళ్ళిన మొక్కకు గంజినీళ్ళు పోస్తే ఏమవుతుంది? ఆ పిండి పదార్థం కోకోపీట్ మధ్య పేరుకుని బూజుకు విందవుతుంది. తాగడానికి నోరే లేనివాడికి బలమైన తిండి పెట్టి ఏం లాభం?

చెయ్యాల్సింది ఇంతే. మొక్కను కుండీలోంచి తీసి, పాత కోకోపీట్‌నంతా, నడిమి నాచు ఉండతో సహా కడిగెయ్యాలి. కత్తెరను మంట మీద కాల్చి, నొక్కితే అణిగే వేళ్ళను కోసెయ్యాలి. గట్టిగా ఉన్నవి, రంగు ఎలా ఉన్నా సరే, ఉంచాలి. లోపలి వేళ్ళు వెలుతురు తగలక పాలిపోయి పసుపుపచ్చగా ఉండొచ్చు, అవి రోగిష్టివి కావు. దాల్చినచెక్క పొడి అద్దితే కోసిన గాయానికి మంచిదే. కానీ అది తేమ లాగేస్తుంది, మంచి వేళ్ళ మీద చల్లితే అవి కూడా ఎండిపోతాయి. ఒక రోజు నీడలో ఆరబెట్టి, వేళ్ళు పట్టేంత చిన్న మట్టికుండీలో, పక్కలకు కూడా చిల్లులున్నదైతే మరీ మంచిది, పెద్ద బెరడు ముక్కలు, కట్టెబొగ్గు, నానబెట్టి ఉప్పు వదిలించిన కొబ్బరిడొక్క ముక్కలు వేసి నిలబెట్టాలి. పెద్ద కుండీ ప్రేమకు గుర్తు కాదు. అందులో తడి ఎక్కువసేపు ఉంటుంది, అంతే.

ఇక్కడ చాలామందికి చెయ్యి రాని పని ఒకటుంది. రోగిష్టి మొక్కకు పూకాడ ఉంటే దాన్ని మొదలంటా కోసెయ్యాలి. ఆరోగ్యంగా ఉన్నదాని కాడనైతే రెండో మూడో కణుపు మీద కోస్తే మళ్ళీ కొమ్మ వేసి పూసే వీలుంది. వేళ్ళు పోయిన మొక్క మాత్రం ఉన్న సత్తువంతా పువ్వులోకి తోసి తను ఎండిపోతుంది. పువ్వు కావాలో మొక్క కావాలో ఆ పూట తేల్చుకోవాలి.

తర్వాత చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం. వేళ్ళు వెండిరంగుకు తిరిగి, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించి, బెరడు ముక్కల్లో వేలు పెడితే పొడిగా తగిలినప్పుడే నీళ్ళు. అప్పుడు కూడా పొద్దున్నే ధారాళంగా పోసి, అంతా కిందికి కారిపోనివ్వాలి. ఆకుల మొదట్లో నీళ్ళు నిలిస్తే కాగితంతో అద్దెయ్యాలి. అడవిలో ఈ మొక్క పక్కకు ఒరిగి వేలాడుతుంది కనుక వాన నీరు దానంతటదే జారిపోతుంది. మనం నిటారుగా నిలబెట్టాం, ఆ నీరు మొవ్వలో నిలిచి కుళ్ళబెడుతుంది. బోరు నీళ్ళలో ఉప్పెక్కువైతే వేళ్ళ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. వాన నీళ్ళు పట్టి పెట్టుకుంటే అంతకన్నా మంచివి లేవు. ఎరువు మాటే వద్దు, కొత్త వేరు కొన కనిపించేదాకా. ఆ తర్వాత కూడా దుకాణాల్లో దొరికే 19-19-19 పొడిని లీటరుకు అర గ్రాము మించకుండా, రెండు వారాలకోసారి.

నీళ్ళకు బదులు వారానికి మూడు ఐసు ముక్కలు పెట్టమని ఇంకో సలహా తిరుగుతోంది. దాన్ని వెక్కిరించేవాళ్ళూ ఉన్నారు, చల్లదనానికి వేళ్ళు చస్తాయని. అమెరికాలో ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల వాళ్ళు పరీక్షించి 2017లో ప్రకటించారు. ఐసు పెట్టినవీ, అంతే కొలత మామూలు నీళ్ళు పోసినవీ సమానంగానే నిలిచాయట. అందులో ఐసు మహిమేమీ లేదు. కొలత ఉంది, వారానికోసారి అన్న గడువు ఉంది. ఆ చిట్కా పనిచేసినచోట చేసిన మేలు, మన చేతిని కట్టెయ్యడమే.

పై అంతస్తు ఆవిడ మొక్క సంగతి చెప్పాలి కదా. దానికి మిగిలినవి ఆ రెండు వేళ్ళే. ఆకుల్లో కింది రెండూ పండి రాలాయి. ముడతలు పోతాయని ఆవిడ ఎదురుచూశారు, పోలేదు. ఒకసారి ముడత పడిన ఆకు చాలావరకు అలాగే ఉంటుంది. చూడాల్సింది పాత ఆకును కాదు, కాండం మొదలును. దసరా దాటాక అక్కడ బుడిపె లేచి, దాన్ని చీల్చుకుని ఎర్రజీర కలిసిన ఆకుపచ్చ కొన ఒకటి మెరుస్తూ బయటికొచ్చింది. ఆ ఏడు పూయలేదు. పూస్తుందని నేనూ చెప్పలేదు. వేరు వేసిన మొక్కకు పువ్వు వడ్డీ లాంటిది, అసలు నిలబడితే అదే వస్తుంది.

మూడో మాట మిగిలింది: ఇంకొకటి కొనుక్కుంటే పోలా? ఇది మూడింట్లో బలమైన వాదన. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా పూసిన మొక్క దొరుకుతుంటే, పువ్వు కూడా ఇవ్వని మోడు కోసం నెలల తరబడి ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? సాయంత్రానికి వాడిపోయే బొకేకు డబ్బు పెడతాం, ఇది మూడు నెలలు నిలిచింది, పెట్టిన డబ్బు వచ్చేసింది కదా? అలా లెక్కేసుకుని బొకే అనుకునే కొనేవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళు 'అది బతకదు' అనకుండా 'నేను బతికించదలుచుకోలేదు' అంటే చాలు. రెండోది నిజం, మొదటిది మొక్క మీద నింద.

కానీ ఈ లెక్కలో ఒక పొరపాటుంది. బంతిమొక్క పూసి చస్తుంది, దాని ఆయుష్షు అంతే. ఫెలనాప్సిస్‌కు అలాంటి గడువు లేదు. కింద ఆకు రాలుతుంటే పైన కొత్త ఆకు వేస్తూ ఏళ్ళ తరబడి పెరిగే మొక్క అది. పూలు రాలడం దానికి చావు కాదు, విశ్రాంతి. గాజు సీసాలోని మొలక పూతకు రావడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది. అంటే పెంపకంలో కష్టమైన భాగమంతా ఇంకొకరు చేసిపెట్టాక, తేలికైన భాగం మొదలయ్యే చోట మనం పారేస్తున్నాం. నెలల తరబడి శ్రమ అన్నదీ నిజం కాదు. అరపూట పని, తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు వేలు పెట్టి చూడటం. మిగతాదంతా ఎదురుచూపు. ఎదురుచూపుకు కూలి లెక్కకట్టే అలవాటు మనకు ఎప్పుడొచ్చిందో!

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మొదటిది ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా రెండోది కొన్నవాళ్ళు దాన్ని కూడా అలాగే చంపుతారు. అదే పింగాణీ కుండీ, అవే రోజువారీ గ్లాసెడు నీళ్ళు. మూడోది పోయేసరికి 'మన ఇంటికి ఆర్కిడ్ అచ్చిరాదు' అన్న నమ్మకం స్థిరపడుతుంది. ఒక రోగిష్టి మొక్కను విప్పి, కుళ్ళిన వేరును చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు మళ్ళీ ఆ తప్పు చెయ్యరు. ఎందుకంటే ఆ వాసన మరిచిపోయేది కాదు. మొక్కను బతికించడంలో మొదటి లాభం మొక్క కాదు, ఆ చదువు.

అన్నిటినీ బతికించవచ్చని మాత్రం అనను. ఫెలనాప్సిస్ ఒకే కాండంతో పైకి పెరిగే మొక్క. దాని మొవ్వ నల్లగా మెత్తబడి, లాగితే నడిమి ఆకు ఊడివస్తే ఆశ తక్కువ. కాండం గట్టిగా ఉంటే పక్కనుంచి పిలక రావొచ్చు, కానీ దానికి ఓపికా అదృష్టమూ రెండూ కావాలి. వేరు ఒక్కటీ లేని మొక్క నడివేసవిలో చేతికొస్తే నిలబడటం కష్టం. ఆకుల మీద విడవని మచ్చలు, చారలు, పూలలో రంగు విరుపులు కనిపిస్తే వైరస్ కావొచ్చు. దానికి మందు లేదు, ఒకే కత్తెరతో పక్క మొక్కకు అంటుతుంది. దాన్ని పారెయ్యడమే మిగతావాటికి మేలు. పిండినల్లి, పొలుసు పురుగులకైతే పారెయ్యాల్సిన పని లేదు, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతాయి, కొన్ని వారాలు వదలకుండా తుడవాలి. అయితే మన ఇళ్ళ నుంచి బయటికి పోతున్న ఆర్కిడ్లలో మొవ్వ కుళ్ళినవీ వైరస్ పట్టినవీ ఎన్ని? కుండీలోంచి తీసి చూడకుండానే పారేస్తుంటే ఆ లెక్క ఎవరికి తెలుస్తుంది?

అందుకే పారేసే ముందు ఒక్క పని చెయ్యమంటున్నాను. మొక్కను కుండీలోంచి బయటికి తీసి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూడండి. గట్టి వేరు ఒక్కటున్నా తీర్పు వాయిదా వెయ్యండి, కాసిన్ని బొగ్గు ముక్కలూ బెరడు ముక్కలూ వెతకండి. ఒక్కటీ లేకపోతే మొహమాటం లేకుండా పారెయ్యండి. కానీ ఎవరైనా ఎందుకు పోయిందని అడిగితే సుకుమారం అని చెప్పకండి. నీళ్ళు ఎక్కువయ్యాయని చెప్పండి.